చెక్క కాని చెక్క

అబద్ధమని అందరికీ తెలిసిన అబద్ధాన్ని అబద్ధం అనవచ్చునా? నాటకంలో రాజు వేషం కట్టినవాణ్ణి ఎవరూ మోసగాడనరు. పెళ్లిపందిరికి కాగితం పూల తోరణం కట్టినంత మాత్రాన ఆ ఇంటి యజమాని మీద ఎవరూ నేరం మోపరు. కాని గిల్టు నగను బంగారమని చెప్పి బ్యాంకులో తాకట్టు పెట్టబోతే అది నేరమే. రెండూ నకళ్లే. తేడా ఎక్కడుంది? ఈ ప్రశ్నకు బంగారం కన్నా మంచి ఒరగల్లు నాకు అమెరికావారి పాత స్టేషన్ వ్యాగన్ కార్ల చరిత్రలో కనబడింది.

మామూలు కారుకు వెనక డిక్కీ ఉంటుంది. స్టేషన్ వ్యాగన్‌కు పైకప్పు వెనకదాకా సాగిపోయి, సామానుకూ పిల్లలకూ సరిపోయే చిన్న గదిలాంటి చోటు ఉంటుంది. మన దేశంలో టాటావారు 1992లో తెచ్చిన ఎస్టేట్ కారు ఈ జాతిదే. పేరులోని స్టేషన్ రైల్వే స్టేషనే. 1910 తర్వాతి రోజుల్లో ఫోర్డ్ మోడల్ టి ఛాసిస్ మీద చెక్కతో బాడీ కట్టించి, రైలు దిగినవారిని, వారి ట్రంకుపెట్టెలను హోటళ్లకు చేరవేసేవారు. 1929లో ఫోర్డ్ కంపెనీ తానే మోడల్ ఎ మీద ఇలాంటి బండిని అమ్మకానికి పెట్టింది. మిషిగన్ రాష్ట్రంలోని ఐరన్ మౌంటెన్‌లో ఆ కంపెనీకి సొంత కలప మిల్లు ఉండేది. ఆ బండికి చెక్క అలంకారం కాదు, ఒళ్లే చెక్క. వానకు ఉబ్బేది, ఎండకు బీటలు వారేది, కీళ్లు వదులై కిర్రుమనేది. ఏటేటా వార్నిష్ పూయకపోతే పుచ్చిపోయేది.

ఇంత చాకిరీ చేయించుకునే బండి క్రమంగా తోటలూ గుర్రాలూ ఉన్న సంపన్నుల ఇళ్లకు చేరింది. కూలిబండి చెక్క హోదాకు గుర్తయింది. తర్వాత ఉక్కు వచ్చింది. 1946లో విల్లీస్ కంపెనీ తెచ్చిన జీప్ స్టేషన్ వ్యాగన్ ఒళ్లంతా ఉక్కే. అయినా చెక్కలా కనబడేటట్టు రంగు వేశారు. నిజమైన చెక్కతో కట్టిన వ్యాగన్లలో చివరిది 1953 నాటి బ్యూక్. ఫోర్డ్ వారి కంట్రీ స్క్వైర్‌కు 1952 నుంచే ఉక్కు మీద చెక్క నార బొమ్మ అచ్చువేసిన పల్చని పొర అతికించడం మొదలయింది. స్క్వైర్ అంటే ఇంగ్లండు పల్లెల్లోని భూస్వామి. ఆ బండి కొన్నవాడు మాత్రం చాలాసార్లు వాయిదాల మీద కొనుక్కున్న నెలజీతగాడు. 1991లో ఆ పేరు అంతరించేదాకా, సుమారు నలభై ఏళ్లు ఆ పొర అతికిస్తూనే వచ్చారు.

మరి ఇది గిల్టు నగా, కాగితం పువ్వా? పైన పటారం, లోన లొటారం అని మన సామెత. ఇక్కడ సామెత తిరగబడింది. పైన బొమ్మచెక్క, లోన దానికన్నా గట్టి ఉక్కు. అది చెక్కని నమ్మి కొన్నవాడు లేడు, నమ్మి నష్టపోయినవాడూ లేడు. ఆ పొర చెప్పేదల్లా నా పూర్వులు చెక్కబళ్లు అని మాత్రమే. హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో తరతరాలుగా ఉన్న మనవాడి ఇంటిపేరు చాలాసార్లు ఒక ఊరి పేరై ఉంటుంది. ఆ ఊరు వాడూ చూడలేదు, వాడి తాతా చూడలేదు. అంతమాత్రాన ఆ ఇంటిపేరు అబద్ధమవుతుందా? పేరు ఊరి మీద హక్కు అడగదు. ఎక్కడినుంచి వచ్చామో చెబుతుంది, అంతే. కారు మీది చెక్కబొమ్మనూ నేను ఈ లెక్కలోనే వేస్తాను. ఎదుటివాడి నమ్మకాన్ని సొమ్ము చేసుకోనంతవరకు నకలు మోసం కాదు.

అయితే అసలు చిక్కు కారుతో కాదు, కారు జ్ఞాపకంతో వచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో పట్టణాల వెలుపల కొత్త కాలనీలు లేచాయి. 1947లో మొదలైన లెవిట్‌టౌన్ వాటిలో పేరుమోసింది. 1956 చట్టంతో 41,000 మైళ్ల జాతీయ రహదారుల నిర్మాణానికి పూనుకున్నారు. వేసవి సెలవులు రాగానే కుటుంబమంతా వ్యాగన్‌లో సర్దుకుని బయలుదేరేది. 1957లో క్రైస్లర్ వ్యాగన్లకు వెనక్కి తిరిగి కూర్చునే మూడో సీటు వచ్చింది. పెద్దవాళ్లు రాబోయే దారిని చూస్తూంటే, పిల్లలు వెళ్లిపోతున్న దారిని చూస్తూ ప్రయాణం చేసేవారు. ఆ పిల్లలే నేటి ముసలివాళ్లు. ఇప్పటికీ వాళ్లు వెళ్లిపోయిన దారినే చూస్తున్నారంటే ఆశ్చర్యం లేదు. ఆ బళ్లను వెతికి, బాగుచేసి, మెరుగుపెట్టి ప్రదర్శనలకు తెస్తారు. పాత కాలమే మంచి కాలమంటారు.

దూరపు కొండలు నునుపు. దగ్గరికి వెళితే రాళ్లు కనబడతాయి. లెవిట్‌టౌన్ తొలి ఒప్పందాల్లో తెల్లవారు కానివారికి అక్కడ నివాసం లేదని షరతు ఉండేది. అదే కారు కొన్న నల్లజాతి కుటుంబానికి అదే రహదారి మీద ఏ హోటల్లో గది ఇస్తారో, ఏ బంకులో పెట్రోలు పోస్తారో ముందే తెలుసుకోవలసిన అవసరం ఉండేది. న్యూయార్కు హార్లెంలో ఉండే విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి అందుకోసమే ఒక పుస్తకం అచ్చువేస్తూ వచ్చాడు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిన తర్వాతగాని దాని అవసరం తీరలేదు. ఒకరి బండి వెనకున్న అన్నం డబ్బా వనభోజనానికైతే, ఇంకొకరిది దారిలో ఎవరూ వడ్డించరన్న భయానికి. ఇక తెల్లవారి పిల్లలైనా క్షేమంగా ఉన్నారా అంటే, బెల్టు లేకుండా వెనక దొర్లుతూ పడుకునేవారు. చిన్నపిల్లలకు ప్రత్యేక రక్షణ సీటు తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం టెనెసీ. అది అమలులోకి వచ్చింది 1978లో.

ఇవన్నీ చెరిపేసి, నవ్వే పిల్లల బొమ్మ ఒక్కటే మిగుల్చుకుంటే అది గిల్టు నగే. కారుకు అతికించిన చెక్క ఎవరినీ మోసగించలేదు. కాలానికి అతికించిన చెక్క మోసగిస్తుంది. దాన్ని నిజమని నమ్మి, ఆ రోజులు మళ్లీ రావాలని కోరేవాళ్లు ఉంటారు. ఆ రోజుల్లో తలుపు బయట నిలబడినవాళ్లే ఆ నష్టం భరించాలి.

అలాగని ఆ ప్రేమనే తప్పుపట్టాలా? ఆ పని నేను చేయలేను. బతికి ఉన్నన్నాళ్లు ఈ బండికి దక్కింది ఎగతాళి. 1983లో వచ్చిన నేషనల్ లాంపూన్స్ వెకేషన్ సినిమాలో నకిలీ చెక్క నిండిన ఒక వికారపు వ్యాగన్ కడుపుబ్బ నవ్వించింది. 1973 చమురు సంక్షోభం దీని తిండిని తప్పుపట్టింది. 1975 నాటి చట్టం కార్లకు మైలేజీ నియమాలు పెట్టి, చిన్న ట్రక్కుల తరగతికి కాస్త సడలింపు ఇచ్చింది. 1983 చివర క్రైస్లర్ తెచ్చిన కుటుంబ వ్యాన్ ఆ తరగతిలో చేరి, వ్యాగన్ చోటును ఆక్రమించింది. 1996లో జనరల్ మోటార్స్ తన చివరి పెద్ద వ్యాగన్లను ఆపేసింది. మా లెక్కల్లో తరుగుదల పూర్తయిన ఆస్తిని ఒక్క రూపాయికి దించి పద్దులో ఉంచుతారు. ఎవరో ఒకరు ప్రేమించేది ఆ ఒక్క రూపాయినే. అంతకుముందు చెక్కబళ్లకూ ఇదే జరిగింది. వార్నిష్ పూయలేక పెద్దింటివాళ్లు వదిలించుకుంటే, అలల మీద ఆడుకునే కాలిఫోర్నియా కుర్రాళ్లు తమ పొడవాటి పలకలు పడతాయని చవకగా కొనుక్కున్నారు. పనికిరాదన్నదాన్ని కాపాడే బుద్ధి మనిషిలో మంచి బుద్ధే.

బాగుచేసేవాళ్ల విషయంలో ఒక విడ్డూరం ఉంది. నలభై యాభై ఏళ్ల ఎండకు వెలిసి పెచ్చులూడిన ఆ పొరను పీకి, ఆనాటి రంగుకూ నారకూ సరిపోయే మరో నకిలీ పొర కోసం ఊరూరా వెతుకుతారు. అసలైన నకిలీ కావాలి వాళ్లకు. అందులో నాకొక నిజాయితీ కనబడుతుంది. అది చెక్క కాదని వాళ్లు దాచరు. ఉన్నదాన్ని ఉన్నట్టే, నకలును నకలుగానే నిలబెడతారు. అదే శ్రద్ధ బండి మీదనేకాక అది తిరిగిన కాలం మీద కూడా పెడితే చాలు. మెరిసే బండి పక్కనే, ప్రదర్శన బల్ల మీద, విక్టర్ గ్రీన్ పుస్తకం కూడా ఒకటి పెట్టవచ్చు. బండి అందం ఏమీ తగ్గదు.

చెక్కబండి ఏటా వార్నిష్ అడిగేది. పొర అంటించిన బండి ఏమీ అడగలేదు. జ్ఞాపకాలూ ఈ రెండు రకాలే. ఏటా విప్పి, పుచ్చిన చోటు చూసి, బాగుచేసి మళ్లీ బిగించుకోవలసినవి కొన్ని. ఒకసారి అతికిస్తే సరిపోతుందనిపించేవి కొన్ని. రెండోవి సులువు. కాని పిల్లలకు అప్పగించవలసి వచ్చినప్పుడు, లోపల ఏముందో తెలిసిన జ్ఞాపకాన్నే అప్పగించాలి.