కిటికీలోని స్టారు

వాక్యభాగము: దానియేలు 6:1-10



డిసెంబరు నెల వచ్చిందంటే మన యిండ్లకే గాక మనము పనిచేసే ఆఫీసుల కిటికీలకు కూడ కళ వస్తుంది. రైల్వే ఆఫీసు గాని, బ్యాంకు గాని, బడి గాని, మన సంఘ కార్యాలయము గాని, మనవారు ఒక్కరున్నా చాలును. వెదురు బద్దలు, రంగు కాగితము, మైదాపిండి జిగురు తెచ్చి స్టారు కట్టేస్తారు. ఇప్పుడు మడతపెట్టిన స్టార్లు బజారులోనే దొరుకుతున్నాయి గనుక ఆ శ్రమ కూడ లేదు. అద్దముల అంచున దూది అంటించి మంచు అంటారు. బరంపురములోను పెరంబూరులోను మంచు ఎవరు చూశారో మాకు తెలియదు గాని, పిల్లల సరదాను మేము కాదనము.

ఇది వాక్యానుసారమేనా అని కొందరు మమ్మును అడుగుచున్నారు. సర్కారు ఆఫీసు కిటికీలో మన పండుగ గుర్తు పెట్టవచ్చునా అని మరికొందరు. జవాబు చెప్పే ముందు మా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకోవలసి యున్నది.

కొన్ని సంవత్సరముల క్రితము డిసెంబరు 23 సాయంత్రము, యౌవనస్థులతో కలిసి మా సంఘ కార్యాలయపు కిటికీని అలంకరించాము. వీధివైపున ఉన్నది ఆ ఒక్క కిటికీయే. రెక్కలు మూసి, అద్దములన్నిటికి మందపాటి నీలి చార్టు కాగితము అంటించి, దానిమీద వెండి నక్షత్రము, ఒంటెలు, గొల్లలు పెట్టాము. బడిలో చార్టులు కట్టిన చెయ్యి గనుక మేమే ముందుండి చేయించాము. చూసినవారందరు మెచ్చుకున్నారు. మాకు కొంచెము గర్వము కూడ కలిగింది.

ఆరు గంటల వేళ మన సంఘస్థుడు, మిల్లు కార్మికుడు, ఒకడు వచ్చాడు. ఆ మధ్యాహ్నమే అతని తండ్రి ప్రభువునందు నిద్రించాడు. సమాధుల తోటలో గుంట త్రవ్వించాలంటే కార్యాలయపు చీటీ కావలెను. కిటికీలో ప్రతి సాయంత్రము కనబడే లైటు ఆనాడు కనబడలేదు. ఆఫీసు మూసేశారనుకొని పాస్టరుగారి యింటికి పోయాడు. వారు క్యారల్స్‌కు వెళ్లారు. ఆ పాటల హోరులో వారికి ఫోను వినబడలేదు. మేమైతే అతడు నిలబడిన చోటికి నాలుగడుగుల దూరములో, లోపల కూర్చొని దూది అంటిస్తున్నాము. చీటీ మరునాడు ఉదయము గాని అతని చేతికి రాలేదు. ఒకే గది ఉన్న యింటిలో, చిన్నపిల్లల మధ్య, ఆ పెద్దాయన దేహము రాత్రంతా ఉండవలసి వచ్చింది.

సంగతి తెలిసి మేము వెళ్లి క్షమించుమని అడిగితే అతడు కోపపడలేదు. "లైటు కనబడి ఉంటే తలుపు కొట్టేవాణ్ణి మాస్టారూ" అన్నాడు, అంతే. ఆ మాట మమ్మును చాలా రాత్రులు నిద్రపోనియ్యలేదు. దానియేలు ఆరవ అధ్యాయమును మేము మరల చదివింది అప్పుడే.

దానియేలు మనవంటి వలసవాడు. సొంత దేశమునుండి బబులోనుకు కొనిపోబడి, పరాయి భాష నేర్చుకొని, పరాయి రాజుల కొలువులో ముసలివాడైనవాడు. దర్యావేషు తన రాజ్యముమీద 120 మంది అధిపతులను, వారిపైన ముగ్గురు ప్రధానులను నియమించినప్పుడు, ఆ ముగ్గురిలో ఇతడొకడు. మన మాటలలో చెప్పాలంటే పెద్ద ఆఫీసరు. యెరూషలేము వైపు తెరచియున్న అతని కిటికీని గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము. అయితే ఆ కిటికీ ఎక్కడున్నది? ఇంటిలో, పైగదిలో. మరి ఆఫీసులో దానియేలు ఏమి చూపించాడు? నాలుగవ వచనము చూడండి. అసూయపరులు అతని ఉద్యోగములో తప్పు వెదకినారు, దొరకలేదు. అశ్రద్ధ గాని మోసము గాని ఒక్కటియైనను కనబడలేదు. వెదకినవారు స్నేహితులు కారు, పగవారు. మన దస్త్రములను పగవారి చేతికిస్తే ఏమవుతుందో ఒక్క నిమిషము ఆలోచించండి.

రాహాబు కిటికీలో ఎర్రని దారము కట్టింది. అందముకొరకు కాదు. బయటనుండి వచ్చేవారు ఆ యింటిని గుర్తుపట్టవలెనని కట్టింది.

మన తాతలు ఆఫీసు కిటికీకి ఏ వైపు నిలబడ్డారో జ్ఞాపకము చేసుకొనండి. కోలారు బంగారు గనులు 2001లో మూతబడినవి గాని, ఆ గనులకు దిగిన తెలుగువారి మనుమలు మన సంఘములలో ఇంకా ఉన్నారు. రైల్వే వర్క్‌షాపులకు, షోలాపురము, బొంబాయి మిల్లులకు వచ్చినవారి మనుమలున్నారు. జీతము రోజున కిటికీ బయట ఎండలో వరుస. లోపలివాడు తలెత్తి చూచేవరకు నిలబడవలెను. పేరు తప్పు వ్రాసినా, లెక్క తక్కువ వచ్చినా, చదువు లేనివారు గనుక వేలిముద్ర వేసి వచ్చేవారు. నేడు దేవుని కృపవలన మన కుమారులు, కుమార్తెలు ఆ కిటికీకి లోపలివైపు కుర్చీలలో కూర్చున్నారు. బయట నిలబడినవానికి మనము కనబడుచున్నామా?

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలోను ఒక స్టారు ఉన్నది. 1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరు చేరారు. చాలా కాలము ఫలము స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీలో మిషనువారి సభ జరిగినప్పుడు, ఈ పని మానివేయవలెనా అన్న ప్రశ్న లేచింది. పటములో నెల్లూరుకు గుర్తుగా ఒక్కటే నక్షత్రము. దానిని చూపి ఒకరు ఒంటరి నక్షత్రమన్నారు. ఆ మాటమీద ఎస్. ఎఫ్. స్మిత్ గారు ఆ రాత్రే ఒక పద్యము వ్రాశారు. పని మూతబడలేదు. తరువాత 1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. తిండికొరకు చేరారని ఎవరూ అనకుండ ఆ కాలములో బాప్తిస్మములు ఆపి ఉంచారు. ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది 1878 జూలై 3న, ఆ కరవు పని ముగిసిన తరువాతనే. మొదట కూలి, తరువాత లెక్క.

ఇక అడిగినవారికి మా జవాబు. సర్కారు ఆఫీసు అందరిది. పై అధికారిని అడిగి కట్టండి. వద్దంటే వాదము పెట్టుకోవద్దు. దానియేలువలె మీ యింటి కిటికీ ఉన్నది గదా. దసరాకు తోటి ఉద్యోగులు మామిడి తోరణములు కట్టినప్పుడు మేమును నిచ్చెన పట్టుకున్నాము, మా విశ్వాసము కరగిపోలేదు. వారు మన స్టారుకు నిచ్చెన పట్టినప్పుడు కృతజ్ఞత చెప్పండి. చందా పుస్తకము ప్యూను దగ్గరకు, ఊడ్చే అమ్మ దగ్గరకు తీసుకుపోవద్దు. జనవరిలో అద్దముల మీది జిగురు గీకేది ఆమెయే గనుక ఆ పని మీరే చేయండి. కాగితపు స్టారులో వేడెక్కే బల్బు పెట్టవద్దు. కౌంటరు కిటికీ అద్దము మాత్రము ఎట్టి పరిస్థితిలోను కప్పవద్దు.

మా కార్యాలయములో ఇప్పుడు స్టారు పై అద్దములోనే కడుతున్నాము. క్రింది రెక్కలు రెండును తెరచి, బల్ల దీపము వీధికి కనబడేలా పెడుతున్నాము. క్యారల్స్ దినములలో రాత్రి తొమ్మిదింటివరకు పెద్దలలో ఒకరు అక్కడ కూర్చోవలెనని వంతులు వేసుకున్నాము. దోమలు వస్తున్నాయని కొందరు సణుగుచున్నారు, నిజమే, వస్తున్నాయి. చీటీల పుస్తకము, ముద్ర, సమాధుల తోట తాళపుచెవి బల్లమీదనే ఉంటాయి. 23వ తేదీ వంతు ప్రతి సంవత్సరము మేమే అడిగి తీసుకుంటున్నాము.