తాకట్టు పొలం

ఆ రైతు పోతూ పోతూ ఇద్దరు కొడుకులకీ మిగిల్చింది మూడెకరాల నల్లరేగడి, దాని మీద తాకట్టు. వడ్డీకి వడ్డీ పెరిగి, పొలం అమ్మినా తీరనంత అప్పు. వాళ్లు అడక్కముందే ఊళ్లో ఒక పెద్దాయన షావుకారు బాకీ అణాపైసలతో కట్టి, నోటు చించేసి, దస్తావేజు వాళ్ల చేతిలో పెట్టాడు. తిరిగి పైసా ఇవ్వక్కర్లేదన్నాడు. అన్నదమ్ములు చెరిసగం పంచుకున్నారు.

పెద్దవాడు దస్తావేజుకి అద్దం కట్టించి గోడకి తగిలించాడు. ఆదివారం ఆదివారం నిమ్మకాయ పట్టుకెళ్లి పెద్దాయన చేతిలో పెట్టి, కళ్లనీళ్లతో ఆయన దయ పొగిడి వచ్చేవాడు. తొలకరి పడింది. అరక కట్టలేదు. రెండో ఏటికి చేలో సర్కారు తుమ్మ లేచింది.

చిన్నవాడు చీకటితో లేచి దున్నాడు. కంది విరగకాసింది. ఇంట్లో గింజ మిగల్చకుండా బండికెత్తి, పెద్దాయన గుమ్మంలో దించాడు.

"ఇది ఈ ఏటి వాయిదా అయ్యా. పదేళ్లలో మీ బాకీ తీర్చేస్తాను."

"బాకీ ఎక్కడుందిరా? నోటు నీ ఎదుటే చించానుగా. బండి తిప్పు. ముందు పిల్లలకి అన్నం పెట్టు."

అప్పుడే నిమ్మకాయతో పెద్దవాడొచ్చాడు. "పొలం విడిపించింది గోడకి తగిలించుకోడానికా? పోయి ముళ్లు కొట్టు" అన్నాడు పెద్దాయన.

"తమ్ముడు దున్నుతున్నాడు కదండీ, ఒక్క తండ్రి బిడ్డలం..."

"వాడు దున్నితే నీ చేను పండుతుందా?"

నీతి: రక్షణ కష్టపడి కొనుక్కునేది కాదు, ఊరికే వచ్చింది కదాని బీడు పెట్టుకునేదీ కాదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు ఈ రెండూ వరసగానే చెప్పాడు. రక్షణ కృపచేతనే, క్రియల వల్ల కాదని 8, 9 వచనాలు. సత్క్రియల కోసమే మనల్ని సృష్టించాడని 10వది. మనలో చాలామందికి మొదటి రెండే కంఠతా వచ్చు, అది పెద్దవాడి పొరపాటు. ఇక చిన్నవాడి పొరపాటు పైకి భక్తిలాగే కనిపిస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం.

మూడో పొరపాటు, పెద్దవాడు తమ్ముడి దున్నకం చూపించినట్టు, ఇంటివాళ్ల విశ్వాసంతో గట్టెక్కుదామనుకోవడం. ఒంగోలు సంగతే చూడండి. 1876-78 ధాత కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లని మాత్రం ఆపి ఉంచాడు. కూలి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా తాతముత్తాతలు ఆ ఏట్లో దిగినవాళ్లేనని చెప్పుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, చెప్పుకోవాల్సిందే. అయినా బాప్టిస్టు సంఘంలో పసిబిడ్డకి బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగాక తన నోటితో తాను ఒప్పుకోవాలి, తండ్రి పాస్టరే అయినా సరే.