కొట్టి తొలగిపోవు సుత్తి

ధ్యాన భాగము: 2 కొరింథీయులకు 2:5–8



తప్పు చేసిన సహోదరుని గద్దింపవలెనా, మానవలెనా? గద్దించినయెడల ఎంతవరకు? ఈ ప్రశ్న ఎదురుకాని సంఘము లేదు, ఇల్లు లేదు. ఒకడు సత్యము పేరట కఠినుడగును. మరియొకడు ప్రేమ పేరట నోరు మూసికొనును. ఇద్దరును వాక్యమునే చూపుదురు. దీనినిగూర్చి ధ్యానించుచుండగా, మూడు వందల యేండ్లకు పూర్వము ఇటలీ దేశములో ఒక పనివాడు చేసిన వాద్యము నాకు తోడ్పడినది. ఆ సంగతి మీ యెదుట ఉంచుచున్నాను.

ఆ కాలమున ఫ్లారెన్సు పట్టణమును మెదిచి వంశపు ప్రభువులు ఏలుచుండిరి. మూడవ కోసిమో ప్రభువు కుమారుడగు ఫెర్దినాందో సంగీతమందు మిక్కిలి ఆసక్తి గలవాడు. ప్రతోలినోలోని తన భవనములో గాన నాటకములు ఆడించెను. 1688లో అతడు పాదువా పట్టణస్థుడైన బర్తొలొమేయో క్రిస్తోఫొరి అను పనివానిని తన కొలువులో చేర్చుకొనెను. ఆస్థానమందలి వాద్యములకు శ్రుతి చూచుట, మరమ్మతు చేయుట, క్రొత్తవి చేయుట ఇతని పని.

ఆ కొలువులలో ముఖ్యమైన వాద్యము హార్ప్సికార్డు. మన గుడిలోని హార్మోనియమునకు వలెనే దానికిని మెట్ల వరుస ఉండును. లోపల మాత్రము గాలికి బదులు తీగలుండును. మెట్టు నొక్కగానే పక్షియీక ముక్క యొకటి తీగను మీటును. మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను ధ్వని దాదాపు ఒక్కటే. జోలపాటకు ఎంత బలమో యుద్ధ గీతమునకును అంతే. క్లావికార్డు అను మరియొక వాద్యముండెను. దానిలో వ్రేలి బలమునుబట్టి స్వరము హెచ్చి తగ్గును గాని, దాని ధ్వని మిక్కిలి సన్ననిది. చిన్న గది దాటి వినబడదు. ఒకదానికి బలమున్నది, మార్పు లేదు. రెండవదానికి మార్పున్నది, బలము లేదు.

1700లో వ్రాయబడిన మెదిచి వారి వాద్యముల పట్టీలో, మెల్లగాను బిగ్గరగాను పలుకగల క్రిస్తోఫొరి క్రొత్త వాద్యము పేర్కొనబడినది. మెల్లగా అనుటకు ఇటలీ భాషలో పియానో అందురు. నేడు ఆ పేరుతో లోకమంతట తెలిసిన వాద్యము ఇదే. ఇతడు ఈకకు బదులు చిన్న సుత్తిని అమర్చెను. సుత్తితో కొట్టించుట అంత కష్టము కాదు. కష్టమంతయు కొట్టిన తరువాతనే. సుత్తి తీగమీదనే నిలిచినయెడల తీగ కదలదు, నాదము అక్కడనే చచ్చును. కావున వాయించువాని వ్రేలు మెట్టును ఇంకను నొక్కియున్నప్పటికిని, సుత్తి మాత్రము కొట్టిన వెంటనే వెనుకకు పడునట్లు ఇతడు ఏర్పాటు చేసెను. కొట్టినది సుత్తి, పాడినది తీగ. సుత్తి తొలగెను గనుకనే తీగ పాడగలిగెను.

వాద్యము వాక్యము కాదు. ఆ పనివాడు సంఘ క్రమశిక్షణను తలంచి దీనిని చేయలేదు. అయినను వాక్యము చెప్పిన సంగతిని ఈ చిన్న సుత్తి నా కన్నులకు చూపినది.

మొదటిది, సుత్తి కొట్టవలెను. ఏలీ తన కుమారుల దోషము ఎరిగియుండియు వారిని అడ్డగింపలేదని దేవుడు అతని యింటికి తీర్పు తీర్చెను (1 సమూయేలు 3:13). కొట్టని సుత్తికి నాదము లేదు. మౌనమును ప్రేమ యనుట మనలను మనము మోసపుచ్చుకొనుటయే.

రెండవది, కొట్టిన సుత్తి తొలగవలెను. నాతాను రాజు ముఖము ఎదుటనే అతని పాపమును చూపెను. దావీదు ఒప్పుకొనగానే, దేవుడు నీ పాపమును పరిహరించెనని ఆ ప్రవక్తయే తెలిపి తన యింటికి వెళ్లిపోయెను (2 సమూయేలు 12). పాపఫలము దావీదు అనుభవింపవలసియే వచ్చెను. అయినను ప్రవక్త దినదినము వచ్చి ఆ మాటనే తిరిగి అనలేదు. తరువాత సొలొమోను పుట్టినప్పుడు, యెహోవాకు ప్రియుడను అర్థముగల పేరును తెచ్చినవాడును ఈ నాతానే. పౌలును కొరింథీ సంఘమునకు అట్లే వ్రాసెను: ఆ మనుష్యునికి కలిగిన శిక్ష చాలును, ఇక క్షమించి ఆదరించుడి, లేనియెడల అతడు అధిక దుఃఖములో మునిగిపోవునని అతని భయము.

ఇక్కడ నా మాట చెప్పక తప్పదు. కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో ఒక యౌవనస్థుడు త్రాగుడులో పడెను. నేను గద్దించితిని, అతడు అందరి యెదుట కన్నీటితో ఒప్పుకొనెను. అంతటితో నేను ఊరకుండలేదు. త్రాగుడు మాట ప్రసంగములో వచ్చినప్పుడెల్ల నా కన్నులు అతడు కూర్చున్న చాపవైపే పోయెడివి; నా కన్నులతోపాటు అందరి తలలును అటే తిరిగెడివి. అతడు గుడికి రాక మానెను. నేను సత్యము పక్షమున నిలిచితినని తృప్తిపడితిని. ఒకనాడు వారి యింటికి వెళ్లగా అతని తల్లి గుమ్మములో నిలిచి, "అయ్యగారూ, మావాడు తాగుడు మాని యేడాదయిందండి. మీరే ఇంకా మానలేదు" అనెను. అంతకు మించి ఆమె ఒక్క మాటయు అనలేదు. లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చెను. ఆ యౌవనస్థుని నేను క్షమాపణ అడిగితిని. అతడు తిరిగి గుడికి వచ్చుటకు చాలా కాలము పట్టెను.

తొలగుట బలహీనత కాదా యని కొందరు అడుగుదురు. ఆ వాద్యమునుగూర్చియు అట్టి మాటయే వచ్చెను. 1711లో షిపియోనె మఫ్ఫేయి దానినిగూర్చి వ్యాసము ప్రకటించినప్పుడు, దాని ధ్వని మెత్తనిదనియు మందమైనదనియు కొందరు తప్పు పట్టిన సంగతి వ్రాసెను. ఒకే బలమునకు అలవాటుపడిన చెవికి మృదుత్వము లోపముగా తోచును. ఫెర్దినాందో 1713లో మరణించెను. క్రిస్తోఫొరి 1731లో మరణించెను. మెదిచి వారి ఏలుబడి 1737లో ముగిసెను. ఇతడు 1720, 1722, 1726 సంవత్సరములలో చేసిన మూడు పియానోలు మాత్రము నేటికిని న్యూయార్కు, రోము, లైప్‌జిగ్ పట్టణములలో భద్రముగా నున్నవి.

ప్రియులారా, మన కోపము ఇంకను మెట్టును నొక్కుచునే యుండవచ్చును. అది చల్లారువరకు కనిపెట్టుకొనియుండిన తొలగుటకు ఎన్నటికిని వేళ రాదు. వ్రేలు నొక్కుచుండగానే సుత్తి తొలగవలెను. రాబోవు ప్రభు బల్లకు ముందు ఒక్కసారి ఆలోచింతము: ఏ కోడలిమీద, ఏ తమ్మునిమీద, ఏ సంఘ పెద్దమీద మన సుత్తి ఇంకను ఆనియున్నది? వారు ఒప్పుకొన్న తప్పును మనము ఇంకను ఎన్నిసార్లు ఎత్తుచున్నాము? తొలగి చూతము. ఆ తీగ పాడవలసిన పాట మనది కాదు, ప్రభువుది.

గద్దించుటకు ధైర్యమును, ఆపుటకు ప్రేమను ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.