ఒక్కపూట అతిథి

అమెరికాలో 1964లో వచ్చిన వన్యప్రాంతాల చట్టం, వన్యప్రాంతమంటే మనిషి వచ్చిపోయేదే తప్ప నిలిచి ఉండని నేల అన్న అర్థంలో దానిని నిర్వచించింది. చట్టాల భాషలో ఇంత అందమైన నిర్వచనం అరుదు. అయితే ‘అతిథి’ శబ్దానికి మన పూర్వులు చెప్పిన వ్యుత్పత్తి కూడా దీనికి చాలా దగ్గరగా ఉండడం ఆలోచింపజేస్తుంది. తిథి అంటే చాంద్రమానపు దినం గనుక, వచ్చిన ఇంట్లో రెండో తిథి దాకా నిలవనివాడు అతిథి అని వారు చెప్పారు. నిలవకపోవడమే రెండింటిలోనూ ప్రధాన లక్షణం. కానీ అతిథి అనగానే అతనికి ఎదురొచ్చే గృహస్థు ఒకడున్నాడని ఒప్పుకున్నట్టే అవుతుంది, చట్టం చెప్పిన వన్యప్రాంతంలో మాత్రం ఆ గృహస్థుకు చోటు లేదు. విహారనౌక దిగి అడవితీరంలో ఒక్కపూట గడిపే యాత్రికుడు ఈ రెండు నిర్వచనాల్లో దేనికి చెందుతాడన్న ప్రశ్నకు, అలాస్కా ఆగ్నేయ తీరంలోని ఒక రేవు మంచి ఉదాహరణ.

చిచాగోఫ్ దీవిలో హూనా అనే ఊరి పక్కనే ఉన్న ఈ రేవును ఐసీ స్ట్రెయిట్ పాయింట్ అంటారు. 1912లో కట్టిన సాల్మన్ చేపల డబ్బాల కర్మాగారం ఇక్కడ మూతపడి ఉండగా, అలాస్కా మూలవాసుల భూమి హక్కుల విషయమై 1971లో వచ్చిన చట్టం కింద ఏర్పడిన స్థానికుల సంస్థ దానిని బాగుచేసి 2004లో ఓడలకు తెరిచింది. ఊరి జనాభా వెయ్యి లోపే; ఒక పెద్ద ఓడ వచ్చిందంటే అంతకు రెండు మూడింతల మంది ఒక్కసారిగా ఒడ్డుకు దిగుతారు. వారిలో అమెరికాలో స్థిరపడిన తెలుగువారు, వేసవికి వచ్చిన తమ తల్లిదండ్రుల చెయ్యి పట్టుకొని నడిపిస్తూ కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు.

దిగినవారికి దొరికేది కొన్ని గంటలు మాత్రమే. ఆ గంటల్లో కొందరు చిన్న పడవల్లో పాయింట్ అడాల్ఫస్ దగ్గరికి హంప్‌బ్యాక్ తిమింగలాలను చూడబోతారు, కొందరు గోధుమరంగు ఎలుగుబంట్ల కోసం వాగుల వెంట మార్గదర్శకుల మాట వింటూ నిశ్శబ్దంగా నడుస్తారు, మరికొందరు కొండమీద నుంచి తీరం దాకా 5,000 అడుగులకు పైగా సాగిన ఇనుప తాటికి కట్టిన ఆసనంలో కూర్చొని, 1,300 అడుగుల ఎత్తు నుంచి ఒకటి రెండు నిమిషాల్లో కిందికి జారుతారు. ఇలాంటి సాహసాలను చవకబారు వినోదమని తోసిపుచ్చడం పండితులకు అలవాటే గానీ, అది న్యాయం కాదు. గాలి మొహాన కొట్టి ఊపిరి ఆగినంత పనైనప్పుడు కలిగే సంతోషం శరీరానికి సంబంధించినదే అయినా, శరీరం ఉన్నవాడికి అది సత్యమే. కొరత అక్కడ లేదు, ఆ వేగంలో కాళ్ల కింద జరిగిపోయే నేలను ఎవరూ లేని చోటుగా తలచడంలో ఉంది.

నేలను దగ్గరగా చూడడానికి ఆటు సమయం, అంటే కడలి నీరు వెనక్కి తీసే వేళ, అన్నిటికన్నా మంచిది. విశాఖ తీరంలో పోటుకూ ఆటుకూ నడుమ నీటిమట్టంలో తేడా రెండు మీటర్ల లోపే ఉంటుంది గనుక, సముద్రం దాటని హద్దు అన్న అర్థంలో చెలియలికట్ట అనే మాట తెలుగు మనసుకు ఒక స్థిరమైన గీతగా తోస్తుంది. హూనా తీరంలో మాత్రం కొన్ని రోజుల్లో ఆ తేడా 15 అడుగులను మించిపోవడం వల్ల ఆ గీత రోజుకు రెండుసార్లు ఒక మేడ ఎత్తున లేస్తూ దిగుతూ ఉంటుంది. నీరు తీసినప్పుడు ఒక బండరాయి పక్కన కూర్చుంటే, పైభాగంలో రాయిని కరుచుకున్న చిన్న తెల్లని గుల్లలు, వాటి కింద నల్లగా గుత్తులు కట్టిన ఆల్చిప్పలు, ఇంకా కిందికి, తడి ఆరని నీడలో, ఊదారంగు సముద్రనక్షత్రాలు, ఎండను ఎంతసేపు ఓర్చుకోగలదో ఆ ప్రాణి అంత ఎత్తులోనే నిలిచి, పట్టీలుపట్టీలుగా కనిపిస్తాయి. మూరెడు రాతిమీద ఇంతమంది కాపురస్తులు!

తీరం వెనుక అడవి కూడా సముద్రంతో తెగతెంపులు చేసుకున్నది కాదు. గుడ్లు పెట్టడానికి వాగులకు ఎదురీదే సాల్మన్ చేపలను ఎలుగుబంట్లు పట్టుకొని చెట్ల నడుమకు ఈడ్చుకుపోయి సగం తిని వదిలేస్తాయి. మిగిలిన దేహాలు కుళ్లి, అవి సముద్రంలో కూడబెట్టుకున్న నత్రజని మట్టిలో చేరి స్ప్రూస్ చెట్లకు ఎరువవుతుంది. తిమింగలాల్లో చాలావరకు చలికాలం హవాయి దగ్గర గడిపి, వేసవి మేత కోసం వేల మైళ్లు ఈది వస్తాయి. ప్రతిదాని తోకమీద మచ్చలు వేరువేరుగా ఉండడం వల్ల, ఏటేటా తిరిగి వచ్చేవాటిని శాస్త్రజ్ఞులు ఫొటోలతో గుర్తుపడతారు. వచ్చిపోవడమన్నది ఒక్కటే గనుక అవీ అతిథులే అనవచ్చు, కాని తిరిగి రావడం వల్ల అతిథి చుట్టమవుతాడు.

ఈ తీరపు గృహస్థులు హూనా ట్లింగిట్ అనే మూలవాసి జనులు. రేవు ముందున్న జలసంధికి ఆవల ఉన్న గ్లేసియర్ బే అనే అఖాతం వారి పూర్వీకుల స్థలం. హిమానీనదం, అంటే తన బరువుకు తానే మెల్లగా జారే మంచు ప్రవాహం, 18వ శతాబ్దంలో ముందుకు పొంగి వారి ఊళ్లను తుడిచివేయడంతో వారు తరలిపోయి, ఉత్తరపు గాలి తగలని ఈ మరుగుచోటికి చేరారు. 1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ నౌకాబృందం చూసినప్పుడు ఆ అఖాతం ముఖద్వారం దగ్గరే మంచుగోడ ఉంది. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ వచ్చేసరికి అది నలభై మైళ్లకు పైగా వెనక్కి పోయింది. మంచు వదిలిన ఇంటికి జనం తిరిగి పోగలిగేవారే. అయితే 1925లో ఆ ప్రాంతం సంరక్షిత జాతీయ స్మారకంగా, 1980లో జాతీయోద్యానంగా ప్రకటితమైంది. పూర్వీకుల పేర ఒక గృహం అక్కడ మళ్లీ వెలసింది 2016లో.

అలా వారు పోగొట్టుకున్నవాటిలో ఒకటి చిన్నది, చాలా విలువైనది. గల్ అనే సముద్రపక్షి గుడ్లను వసంతాంతంలో రాతిదీవుల మీద ఏరుకోవడం ఆ కుటుంబాలకు పండుగ వంటిది. ఒకటో రెండో గుడ్లున్న గూటి నుంచి తీసుకుంటే పక్షి మళ్లీ పెడుతుంది. మూడున్న గూటిలో పొదగడం మొదలై ఉంటుంది గనుక దానిని ముట్టకూడదని పెద్దలు పిల్లలకు నేర్పేవారు. గూటిముందు వంగి, చెయ్యి చాపేముందు లెక్కపెట్టే ఆ క్షణంలో ఉన్న మర్యాద, ఏ నిర్వచనంలోనూ ఇమడదు. 20వ శతాబ్దంలో పక్షుల రక్షణ, ఉద్యానవన నిబంధనలు ఈ గుడ్ల సేకరణను నిషేధించాయి. ఆ తరువాత జరిగిన అధ్యయనాలు పెద్దల లెక్క సరైనదేనని చెప్పాక, 2014లో అమెరికా కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేసి, పరిమితంగా మళ్లీ అనుమతించింది. ఇప్పుడు వారు అనుమతించిన రోజున పడవల్లో అక్కడికి వెళ్తారు, గూళ్లు లెక్కపెట్టుకుంటారు, గుడ్లు ఏరుకొని జలసంధి దాటి హూనాకు తిరిగి వస్తారు.