తుమ్మిపూవు చెప్పిన పాఠము



శివార్చనకు ఏ పుష్పము శ్రేష్ఠమని మనలో పలువురు అడుగుచుందురు. ధర హెచ్చినకొలదిని శ్రేష్ఠత హెచ్చునని అంగడి చెప్పును. అడవి దారుల ప్రక్కను, చేనిగట్లమీదను మొలచు తుమ్మి మరియొక మాట చెప్పుచున్నది.

వానలు పడినంతనే విత్తువాడు లేకయే ఇది మొలచును. ఎత్తు జానెడు మొదలు మూరెడు వరకు ఉండును. కాండము నలుపలకలై, నూగుతో గరుకుగా నుండును. కణుపు కణుపునను గుత్తులుగా తెల్లని పూలు పూయును. పూవునకు రెండు పెదవులు. వెడల్పైన క్రింది పెదవి తేనెటీగకు అరుగు. ఈగ తేనె త్రాగుచుండగా పై పెదవి చాటునున్న పుప్పొడి దాని వీపున కంటును. అతిథి రిక్తహస్తములతో పోడు. పూవును ఫలింపక మానదు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ‘ల్యూకాస్ ఆస్పెరా’ అందురు. మొదటి మాటకు తెలుపనియు, రెండవదానికి గరుకనియు అర్థము. ఇది తులసి కుటుంబమునకే చెందినది.

ఒక శ్రావణమున నేను సికిందరాబాదులో అంగడి పూలు బేరమాడి కొని, పూజ ముగించుకొని బడికి పోయితిని. ఆవరణములోని కలుపు పీకుడని పిల్లలకు ఆజ్ఞాపించితిని. ఒక బాలిక మాత్రము ఒక మొక్కను పీకక నిలిచినది. కారణ మడుగగా, “సార్, ఇది మా అవ్వ శివునికి పెట్టే పువ్వు” అన్నది. అప్పటికే తక్కిన తుమ్మి మొక్కలన్నియు కుప్పలో వాడుచుండెను. తెలుగు చెప్పు పండితుడనై యుండియు, తెలుగు నేల పూవును కలుపని పీకించితిని. ఆ దినమున పాఠము చెప్పినది ఆ బాలికయే.

12వ శతాబ్దమున కళ్యాణమున బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును బోధించెను. కులమును, కలిమిని చూచి మనుష్యుని ఎంచరాదనెను. మనుష్యులను అట్లు ఎంచరాదని నమ్మిన మనము, పూలను మాత్రము వెలను బట్టి ఎంచుట తగునా?

తుమ్మి ఏడాది మొక్క. విత్తనమే దానికి మరుజన్మ. పూవు పూయకముందే పీకినచో, పూచినవన్నియు కోసినచో, మరుసటి వానకు ఆ చోట మొలక యుండదు. వినాయక చవితికి తుమ్మికూర వండు తెలంగాణ గృహములలోని పిల్లలు సైతము నేడు దానిని సంతలోనే చూచుచున్నారు. పెరటిలో ఒక మూల గచ్చు వేయక విడువుడు. ఇష్టలింగమునకు కావలసిన నాలుగు పూలు కోసికొని, తక్కినవి తేనెటీగలకును, రేపటి విత్తనమునకును వదలుడు. అదియు దాసోహమే.