లెక్క కట్టే ముందు మిల్లంతా తిరుగు

అల్లుడా,

ఆదోని పత్తి మిల్లులో ప్రొడక్షన్ ప్లానింగ్ పనికి కుదిరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమయింది. మన హొళగుందలో చదువుకున్న పిల్లలు బెంగళూరో హైదరాబాదో పోవడమే చూస్తున్నాం. నువ్వు చదివిన లెక్క మన పత్తికే అక్కరకు రాబోతోంది. లెక్కలు చెప్పి బతికినవాణ్ణి, ఈ మిల్లుల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

ముందుగా, నీ చదువు మీద నమ్మకం వదులుకోకు. "ఇన్నేళ్లుగా నోటిలెక్కతోనే నడుపుతున్నాం, కంప్యూటరు చెప్పేదేముంది" అని పాతవాళ్లు అంటారు. నొచ్చుకోవద్దు. నువ్వు చదివిన ఈ లీనియర్ ప్రోగ్రామింగ్ శాస్త్రం ఫ్యాక్టరీ అడిగిన ప్రశ్నలోంచే పుట్టింది. లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ తయారుచేసేవాళ్లు లియోనిద్ కాంటొరోవిచ్ అనే గణితవేత్త దగ్గరికి ఒక చిక్కు తెచ్చారు. ఎనిమిది యంత్రాలు, అయిదు రకాల కలప. ఏ కలపను ఏ యంత్రం మీద ఎంతసేపు ఆడిస్తే ఎక్కువ సరుకు వస్తుంది? దానికి దారి వెతికి, 1939లో ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. 1947లో అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ ఇలాంటి చిక్కులు విప్పే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. 1975లో కాంటొరోవిచ్‌కు, కూప్‌మన్స్ అనే మరో పండితుడికి కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. 1984లో మన దేశంవాడు నరేంద్ర కర్మార్కర్ పెద్ద పెద్ద లెక్కలకు మరో దారి చూపాడు. కట్టా గోపాలకృష్ణ మూర్తి గారు అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రమే చెప్పారు. లీనియర్ ప్రోగ్రామింగ్ మీద ఆయన రాసిన పుస్తకం ఎందరికో పాఠ్యగ్రంథం. హాంకాంగ్ రేవులో ఏ కంటైనరు ఎక్కడ దించాలి, ఏ ట్రక్కు ఎటు పోవాలి అన్న చిక్కును కూడా ఆయన బృందం ఈ లెక్కలతోనే విప్పింది. ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన విద్య ఇది. తలెత్తుకుని చెయ్యి.

ఇక పని సంగతి. లెక్కకు కూర్చునే ముందు మిల్లులో ఏది తక్కువ పడుతోందో చూడు. కాలువ ఎంత వెడల్పున్నా తూము పట్టినంతే కదా చేలోకి పారేది. మిల్లుకూ ఒక తూము ఉంటుంది. అది దొరికితే నీ పని సగం అయినట్టే.

ఒక లెక్క వేసి చూపిస్తాను. మీ జిన్నింగ్ హాలు రెండు షిఫ్టుల్లో, అంటే 16 గంటల్లో, 600 క్వింటాళ్ల గింజ పత్తి ఆడిస్తుందనుకో. క్వింటాలుకు 34 కిలోల దూది చొప్పున 20,400 కిలోలు. బేలు 170 కిలోలు కాబట్టి 120 బేళ్లు. ప్రెస్ గంటకు 10 బేళ్లు కడుతుందనుకో. పన్నెండు గంటల్లో దాని పని అయిపోతుంది. మిగతా నాలుగు గంటలు అది ఊరికే నిలబడుతుంది. అలాంటి మిల్లులో యజమాని ఇంకా పెద్ద ప్రెస్ కొంటే ఒక్క బేలు కూడా పెరగదు. అదే జిన్నింగ్ హాలును ఇంకో గంట నడిపితే ఏడున్నర బేళ్లు ఎక్కువ వస్తాయి. మీ పుస్తకాల్లో షాడో ప్రైస్ అన్నది ఇదే. మిగులున్న యంత్రం గంటకు విలువ సున్నా, కొరతగా ఉన్న యంత్రం గంటకు విలువ ఏడున్నర బేళ్లు. జిన్నులు పెంచి రోజుకు 800 క్వింటాళ్లకు తెచ్చావనుకో, అప్పుడు 160 బేళ్లు, ప్రెస్‌కు పదహారు గంటలూ పని. అక్కడినుంచి తూము ప్రెస్ అవుతుంది. ఎక్కడ పెట్టుబడి పెట్టాలి, ఎక్కడ ఆగాలి అన్నది యజమానికి ఇంత తేటగా చెప్పగలిగితే నీ జీతానికి న్యాయం చేసినట్టే.

రెండో సంగతి, ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది. పది లాట్లను ఎన్ని వరసల్లో పెట్టవచ్చో తెలుసా? 36,28,800 వరసల్లో. ఎంత అనుభవం ఉన్నా అన్నీ మనసులో తూచలేం. కానీ కొన్నిచోట్ల చిన్న సూత్రం చాలు. మన ఎమ్మిగనూరు సంగతే తీసుకో. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. అలాంటి చోట ముందు నూలుకు రంగు వేయాలి, పడుగు తయారుచేయాలి, ఆ తర్వాతే మగ్గం ఎక్కాలి. రంగు తొట్టి ఒకటే, పడుగు తోడే యంత్రం ఒకటే అనుకో. మూడు లాట్లు వచ్చాయి. మొదటిదానికి రంగు 5 గంటలు, పడుగు 2. రెండోదానికి రంగు 1, పడుగు 6. మూడోదానికి రంగు 4, పడుగు 4. వచ్చిన వరసలోనే చేస్తే అంతా ముగిసేసరికి 17 గంటలు. 1954లో సెల్మర్ జాన్సన్ చెప్పిన సూత్రం చూడు. ఉన్న అంకెలన్నిటిలో చిన్నది వెతుకు. అది మొదటి యంత్రానిదైతే ఆ లాటును ముందు పెట్టు, రెండో యంత్రానిదైతే చివర పెట్టు. మిగిలినవాటితో మళ్లీ అదే చెయ్యి. ఇక్కడ చిన్నది 1, రెండో లాటు రంగు. అది ముందు. తర్వాత చిన్నది 2, మొదటి లాటు పడుగు. అది చివర. మధ్యలో మూడోది. మొత్తం 13 గంటల్లో అయిపోతుంది. కొత్త యంత్రం లేదు, కొత్త మనిషి లేడు, వరస మారినందుకే నాలుగు గంటలు మిగిలాయి. కాగితం మీద వేసి చూసుకో.

అయితే ఆ 13 గంటల్లో నేను ఒకటి కలపలేదు. రంగు వేసిన నూలు ఆరాలి. ఎండాకాలం ఒక పూటలో ఆరేది ముసురు పడితే మర్నాటికీ ఆరదు. సూత్రం అబద్ధం చెప్పలేదు, మనం దానికి చెప్పనిది దానికి తెలియదంతే. అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను, సమీకరణం రాయకముందు మిల్లంతా తిరుగు. కాగితం మీద ఉండని షరతులన్నీ అక్కడే దొరుకుతాయి.

పత్తిలో తేమ చూడు. కాటన్ కార్పొరేషన్ 8 శాతాన్ని ప్రమాణంగా పెట్టుకుని, 12 శాతం దాటితే కొనదు. తేమ ఎక్కువున్న గుట్ట జిన్నులో సరిగా ఆడదు, దూది ముద్ద కడుతుంది. ఏ గుట్ట ముందు ఆడాలన్నది వచ్చిన తేదీని బట్టి కాదు, ఆరిన దాన్ని బట్టి తేలుతుంది. రోలర్లు అరిగిపోతే గాడులు తీయించాలి, ఆ యంత్రం ఆ పూట ఆగాలి. ఆ ఆగడాన్ని నీ ప్లాన్‌లో ముందే రాయకపోతే, అది తనకు ఇష్టమైన రోజున తానే రాసుకుంటుంది. ఫిట్టర్ దగ్గర కూర్చుని, ఏ యంత్రం ఎన్నాళ్లకొకసారి మొరాయిస్తుందో నోట్‌బుక్‌లో రాసుకో.

మనుషుల క్యాలెండర్ వేరు. విజయదశమి రాత్రి దేవరగట్టు మాళమల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవం. మన హొళగుంద మండలంలో పుట్టినవాడివి, నీకు నేను చెప్పాలా? నెరణికి, కొత్తపేట వైపు కుర్రవాళ్లకు ఆ రాత్రి షిఫ్టు వేస్తే ఎవరొస్తారు? పత్తి రాక మొదలయ్యే రోజులవి. ఆ రాత్రి ఖాళీ అని ముందే ఒప్పుకుని, ముందురోజు ఎక్కువ ఆడించు. ఆ తర్వాత సుగ్గి కాలం వస్తుంది. గుంటూరు వైపు మిరప కోతలకు ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. పిల్లల చదువులు ఆగిపోతాయి, ఇళ్లకు తాళాలు పడతాయి. ఇక్కడ హమాలీలు కరువవుతారు. కంప్యూటర్‌కు మాత్రం ఏడాది పొడవునా హమాలీల లెక్క ఒకే అంకెగా ఇచ్చి కూర్చుంటే ఎలా? పని వరసగా, ముందే చెప్పి ఇస్తే కొన్ని కుటుంబాలైనా ఊళ్లోనే ఉండగలవు. నీ ప్లాన్ బాగుంటే ఎవరికి మేలో అది కూడా నీకు తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద మాట ఇది. లెక్కకు నువ్వు ఏది ఎక్కువ చేయమంటే అదే ఎక్కువ చేస్తుంది, మిగతాది పట్టించుకోదు. బేళ్లు ఒక్కటే పెంచమంటే, మధ్యాహ్నం ట్రాక్టరు తెచ్చిన రైతు అర్ధరాత్రి దాకా గేటు దగ్గరే ఉంటాడు. మూడు రాత్రులు వరసగా ఒకే మనిషికి డ్యూటీ పడుతుంది. దుమ్ము పేరుకున్న హాలు శుభ్రం చేయడానికి పూట దొరకదు. ఎండు దూది మీద చిన్న నిప్పురవ్వ పడితే ఏమవుతుందో ఆదోనిలో ఎవర్నడిగినా చెబుతారు. కాబట్టి రైతు నిలబడే గంటలకు హద్దు పెట్టు. వరస రాత్రులకు హద్దు పెట్టు. శుభ్రానికి, సర్వీసుకు పూట కేటాయించి, దాన్ని తాకకూడదని షరతుగా రాయి. దానివల్ల నాలుగు బేళ్లు తగ్గితే, తగ్గాయని యజమానికి అంకెతో సహా చెప్పు. దాచకు. ఎంత ఖర్చుతో ఎంత భద్రత వస్తోందో తెలిసిన యజమాని సాధారణంగా మంచి నిర్ణయమే తీసుకుంటాడు.

పెద్ద సాఫ్ట్‌వేర్ కోసం మొదటే తొందరపడకు. ఎక్సెల్‌లో ఉన్న సాల్వర్‌తో మొదలుపెట్టు. ఒక హాలు, ఒక ప్రెస్, ఒక వారం. రేపటి ప్లాన్ గట్టిగా వెయ్యి, వారం ప్లాన్ వదులుగా ఉంచు, ప్రతి సాయంత్రం యార్డులో ఎంత పత్తి దిగిందో చూసి మళ్లీ లెక్కించు. వేసిన ప్లాన్‌ను మేనేజర్ కన్నా ముందు షిఫ్టు మేస్త్రీకి చూపించు. "ఇది కాదు బాబూ" అని అతనంటే, ఎందుకు కాదో అడిగి, ఆ కారణాన్ని కొత్త షరతుగా చేర్చు. అలా పది షరతులు చేరేసరికి ఆ ప్లాన్ నీదొక్కడిదే కాదు, మిల్లులో అందరిదీ అవుతుంది. అందరిదీ అయిన ప్లానే నడుస్తుంది.

చలికాలంలో దూది దుమ్ము మధ్య తిరుగుతావు, ముక్కుకు గుడ్డ కట్టుకో. వేళకు తిను. సీజన్ అయ్యాక ఇంటికి రా, నీ లెక్కలన్నీ తీసుకుని రా, ఇద్దరం కూర్చుని చూద్దాం. చల్లగా ఉండు.

నీ మామ