ఏడు కిలోల సంచి

ధమ్మ మిత్రులారా, శ్రీలంక యాత్రకు వెళ్తున్నారా? విమానంలో మనతో ఉంచుకునే సంచి చాలా టికెట్లలో 7 కిలోలే. రెండు తెల్ల చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక శాలువా చాలు; రాత్రి ఉతికి ఆరేసుకోవచ్చు. విహారాల్లో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి.

నాతో వచ్చే మా అమ్మ ఒప్పుకోలేదు. "పరాయి దేశంలో మనల్ని లేనోళ్ళనుకోరూ?" అంది. నవ్వలేకపోయాను. చండాలురు శవాల బట్టలే కట్టాలంది మనుస్మృతి. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్ళను గౌరవంగా చీర కట్టుకోమన్నారు. భిక్షువు మూడు చీవరాలతో ఉండేది తానై ఎంచుకుని. మన లేమి ఇంకొకరు విధించింది. ఈ రెంటినీ కలిపేసి "తక్కువే ధమ్మం" అని అమ్మకెలా చెప్పను?

ఆమె జరీచీర నా సంచిలోనే పెట్టాను. బరువు మించింది. నా రెండో ప్యాంటు తీసేశాను.